వెనక నుంచి చదివిన పుస్తకం

పోయిన వారం దిద్దుబాటమ్మని వంటింటి గోడ ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఎదురుగా కూతురు చిట్టి అంటించిన నెల పట్టిక. ముప్పై గళ్ళు, పది పుస్తకాలు, రెండు వేల చిల్లర పేజీలు. లైబ్రరీ వాళ్ళు పెట్టిన 'నెలంతా చదువు' పందెంలో తల్లీకూతుళ్ళు జంటగా చేరారు. ఇద్దరూ ఒకే జాబితా చదవాలి. ప్రతి ఆదివారం లైబ్రరీ హాల్లో నిలబడి, ఆ వారం చదివినవాటి గురించి పదిమంది ముందు మాట్లాడాలి. జాబితా వేసిందీ, ఏ రోజుకి ఎన్ని పేజీలో పంచిందీ, గళ్ళకి రంగులేసిందీ అంతా చిట్టే. దిద్దుబాటమ్మ చేసిందల్లా కింద సంతకం పెట్టడం. అది ఆమెకి అలవాటే. ఇరవై మూడేళ్ళుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, ఆఖరి పేజీ అడుగున 'సరిచూశాను' అని రాసి సంతకం పెట్టడమే ఆమె ఉద్యోగం.

ఇవాళ తొమ్మిదో తారీఖు. తొమ్మిది గళ్ళలో నిండినవి నాలుగే.

తప్పు ఆమెది కాదు, ఆమె చేతిది. ఎంత మంచి కథైనా రెండు పేజీలు తిరిగేసరికి చెయ్యి పెన్సిల్ కోసం తడుముకుంటుంది. రెండో పుస్తకంలో పధ్నాలుగు తప్పులు పట్టి అంచుల్లో గుర్తులు పెట్టేసింది. అది లైబ్రరీ పుస్తకమని గుర్తే లేదు. రూళ్ళకర్ర అని ఊరంతా పిలుచుకునే లైబ్రేరియన్ మాస్టారు ఆమెని బల్ల ముందు నిలబెట్టి, చేతికి రబ్బరిచ్చి, అన్నీ చెరిపించాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, బడిపిల్లలా నిలబడి చెరిపింది. చిట్టి చిన్నప్పుడు పడుకోబెట్టి కథ చదివినా ఇంతే. "అనగనగా కామా ఒక అడవిలో కామా ఒక కుందేలు" అని చదివేది. కథలన్నిట్లోనూ కామా అనే జంతువు ఒకటి తిరుగుతుంటుందని చాలాకాలం నమ్మింది చిట్టి.

ఐదు గళ్ళు వెనకబడిన మనిషి అడ్డదారి వెతుక్కోకుండా ఉంటుందా? పట్టిక మీద వేలు పెట్టి వెతికితే ఏడో పుస్తకం కనబడింది. 'మూడో బస్సు.' మూడో వారంలో చదవాల్సింది. ఏడేళ్ళ కిందట తను ప్రూఫులు దిద్దిన పుస్తకమే. మొదటి పేజీ వెనక చిన్న అక్షరాల్లో 'ప్రూఫులు' అన్నచోట తన పేరు కూడా ఉంది. అందుకే ఇది జాబితాలో ఉండి తీరాలని చిట్టి పట్టుబట్టింది. హమ్మయ్య, చదివేసిన పుస్తకమే, ఓసారి తిరగేసి టిక్కు పెట్టేస్తే ఒక్క దెబ్బకి మూడు గళ్ళు కలిసొస్తాయి అనుకుంది దిద్దుబాటమ్మ. పుస్తకం సంచిలో వేసుకుని పనికి బయల్దేరింది.

బయల్దేరుతూ చేతులు కడుక్కుని కొళాయి కట్టేస్తే, చుక్క పడకుండా ఆగిపోయింది. పదేళ్ళుగా కారుతున్న కొళాయి అది. ఈ మధ్య వాళ్ళాయనకేదో పూనింది. కళ్ళజోళ్ళ కొట్టు తప్ప ఇంటి సంగతి పట్టని మనిషి, పదిహేను రోజులుగా ఒక్కొక్కటీ బాగుచేస్తున్నాడు. కొళాయి, ఫ్యాను రెగ్యులేటరు, ఊగే కుర్చీ కాలు. మొన్న తాళంచెవులన్నిటికీ చీటీలు కట్టి పేర్లు రాశాడు. ఇక మిగిలింది ముందు తలుపు గడియ. అది ఏళ్ళ తరబడి సరిగ్గా పడదు. పాత ప్రూఫు కాగితం మడిచి సందులో దూర్చి మూస్తుంటారు. ఇన్నాళ్ళకి ఇల్లు పట్టించుకుంటున్నాడు మహానుభావుడు అని ఆమె లోపల్లోపల మురిసిపోతోంది.

మధ్యాహ్నం అన్నం తిని, మిషన్లు ఆగిన ఆ ముప్పావుగంటలో పుస్తకం తెరిచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దిద్దుబాటమ్మకి పని నేర్పిన పాత ఫోర్‌మన్ మొదటిరోజే ఆమెకి ఒక పద్ధతి అలవాటు చేశాడు. ప్రూఫుని ఆఖరి పేజీ నుంచి పట్టాలి. పేజీలో ఆఖరి వరస నుంచి పైకి ఎక్కాలి. "కథ చదివావంటే కన్ను దాని వెంట పరిగెడుతుందమ్మా. తప్పులన్నీ జారిపోతాయి. నీకు అక్షరాలు కావాలి, కథతో పనిలేదు" అనేవాడు. ఆ మాట వంటబట్టించుకుని ఇరవై మూడేళ్ళలో కొన్ని వందల పుస్తకాలు చివరి నుంచి మొదటికి చదివింది ఆమె. ఒక్క అక్షరం వదల్లేదు. ఒక్క కథా తెలియదు.

'మూడో బస్సు' కూడా అలాగే చదివింది. ఇప్పుడే మొదటిసారి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.

మూడంతస్తుల మేడ. పై అంతస్తులో మూడు గదుల ఇల్లు. రెండేళ్ళ పిల్ల నిద్రపోదు, నిద్రపోనివ్వదు. భర్త పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాడు. "నాకు ఊపిరాడటం లేదు" అని భార్య అంటే, "కిటికీ తెరువు" అంటాడు. ఎగతాళికి కాదు, నిజంగా కిటికీ గురించే అనుకుని. దిద్దుబాటమ్మ అన్నం డబ్బా మూత పెట్టబోయి ఆగిపోయింది. ఆ మాట ఆమెకి తెలుసు. ఆ కిటికీ కూడా తెలుసు.

ముప్పై రెండో పేజీలో ఆ భార్య ఒక సంచిలో నాలుగు జతల బట్టలు సర్దింది. పిల్లని కిందింటి పిన్నిగారికి అప్పజెప్పి, ప్రెస్సులో పనుందని చెప్పింది. మెట్లు దిగింది. బస్టాండుకి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. ఆ తర్వాతి పేజీలు చదువుతుంటే దిద్దుబాటమ్మకి పెన్సిల్ ఎక్కడుందో కూడా గుర్తు రాలేదు. పద్దెనిమిదేళ్ళ కిందటి రోజు అది. ఎవరితోనూ చెప్పలేదు. మొగుడితో చెప్పలేదు, తోబుట్టువులతో చెప్పలేదు. ఎక్కడికని అనుకోకుండా బయటికొచ్చి, మూడు బస్సులు పోనిచ్చి, సాయంత్రానికి ఇంటికి తిరిగొచ్చేసింది. అప్పటికి చిట్టి గడ్డం మీద మూడు కుట్లు. తల్లి వెనకాల పరిగెత్తబోయి మెట్ల మీద పడిందట. "అమ్మ ప్రెస్సులో ఉన్నప్పుడు పడ్డావు" అనే చిట్టికి చెబుతూ వచ్చారు. ఇప్పటికీ చిట్టి ఆలోచనలో పడితే ఆ మచ్చని వేలితో రుద్దుకుంటుంది.

నలభై ఒకటో పేజీలో ఇలా ఉంది: 'ఆమె కింది మెట్టు దిగేసరికి పైన పిల్ల పడింది. ఆమెకి వినబడి ఉండదు. వినబడితే ఆగేది.'

దిద్దుబాటమ్మ పుస్తకం మూసేసింది. పుస్తకంలో రాసినదంతా నిజమే, ఈ ఒక్క ముక్క తప్ప. ఆమెకి వినబడింది. ఆ కేక ఇవాళ్టికీ చెవిలోనే ఉంది. వినబడింది కానీ ఆగలేదు.

ఎవరు రాశారిది? పేరు చోట ఎప్పుడూ వినని కలంపేరు. కిందింటి పిన్నిగారా? ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఎవరైతేనేం, ఎవరో ఆమె గుట్టంతా అచ్చేయించారు. ఆ గుట్టుకి ఆమే ఒత్తులూ దీర్ఘాలూ దిద్ది, సరిచూశానని సంతకం పెట్టింది. ఇప్పుడు చిట్టి చదువుతుంది. మూడో ఆదివారం అందరి ముందు నిలబడి, ఆ పిల్లని వదిలేసి వెళ్ళిన తల్లి గురించి మాట్లాడుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ గడ్డం తడుముకుంటుంది. ఆ తర్వాత తన ముఖం చూస్తుందా? అది తలుచుకునేసరికి దిద్దుబాటమ్మకి కూర్చున్నచోట కాలు నిలవలేదు.

సగం రోజు సెలవు చీటీ రాసిచ్చి లైబ్రరీకి పరిగెత్తింది.

"మాస్టారూ, మా జాబితాలో ఒక పుస్తకం మార్చాలండీ."

రూళ్ళకర్ర తలెత్తలేదు. పుస్తకాల మీద నంబర్లు అంటిస్తున్నాడు. "మార్చకూడదమ్మా."

"ఒక్కటేనండీ. ఏడోది. దాని బదులు ఇంతకి రెండింతలున్నది ఇవ్వండి, చదువుతాను."

"మీకే రూలు సడలిస్తే రేపు అందరూ సన్నపుస్తకాలు పట్టుకుపోతారు. ఒకటో తారీఖు దాటాక జాబితా ముట్టుకోకూడదని మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. చదివే పెట్టారు కదా సంతకం?"

ఆ కాగితం కూడా కింది నుంచి పైకే చదివింది ఆమె.

"పోనీ మానేస్తామండీ. నేను మానేస్తాను."

"జంటలో ఒకరు మానేస్తే రెండోవారి పేరూ కొట్టేయాలి. బోర్డు మీద రాయాలి. మీ అమ్మాయి ఊరుకుంటుందా? జాబితా ఇచ్చిన రోజు ఏమందో తెలుసా? 'మాస్టారూ, మిగతా తొమ్మిదిలో ఏది మార్చినా మీ ఇష్టం, ఈ ఏడోది మాత్రం ఉండాలి' అంది." అప్పుడు తలెత్తి చూశాడు. "ఏమ్మా, అలా ఉన్నారు? మంచినీళ్ళు కావాలా?"

అక్కర్లేదంది. పుస్తకం పోయిందని చెబుదామా అనుకుంది. సంచిలో ఉన్న పుస్తకం పోయిందని చెప్పడానికి నోరు రాలేదు. ఇన్నేళ్ళలో ఆమె చెప్పిన అబద్ధం ఒక్కటే. దానికి తోడు ఇంకొకటి మోసే ఓపిక లేదు.

ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది. చిట్టి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, పట్టికలో ఖాళీ గళ్ళు లెక్కపెడుతోంది. కాలేజీ అయిపోయి ఉద్యోగానికి ఎదురుచూస్తున్న పిల్ల. ఇల్లే ఆఫీసనుకుని అన్నిటికీ పట్టికలు వేస్తుంది.

"ఇంత తొందరగా వచ్చేశావేంటమ్మా? ఒంట్లో బాలేదా?"

"ఏం లేదు. చిట్టీ, ఈ పందెం మానేద్దామే. నావల్ల కావట్లేదు. కళ్ళు లాగుతున్నాయి."

"ఇంట్లో కళ్ళజోళ్ళాయన్ని పెట్టుకుని కళ్ళు లాగుతున్నాయంటావా?" అని నవ్వబోయింది చిట్టి. సంచిలోంచి తొంగిచూస్తున్న పుస్తకం అట్ట చూసి ఆపేసింది. "అది మూడో వారంలోది కదమ్మా. ఇప్పుడే ఎందుకు తీశావు?"

"వెనకబడ్డాను కదాని. చదివేసిందే కదాని."

"ఎంతవరకు చదివావు?"

"నలభై ఒకటో పేజీ."

చిట్టి పెన్ను కింద పెట్టింది. వేలు దానంతటదే గడ్డం మీదికి వెళ్ళింది. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు.

"అమ్మా, అది నేను ఇదివరకే చదివాను. నాకు పధ్నాలుగేళ్ళప్పుడు. అందులో నీ పేరుందని గొప్పగా ఉండి చదివాను. నలభై ఒకటో పేజీకొచ్చాక అద్దం ముందుకెళ్ళి గడ్డం చూసుకున్నాను."

దిద్దుబాటమ్మ కుర్చీ వెనక భాగం పట్టుకుంది. ఆయన బాగుచేసిన కుర్చీ. ఊగలేదు.

"ఏడేళ్ళుగా తెలుసా నీకు?"

"తెలుసు. నీకు కోపంగా కనబడేదాన్ని కాదా అప్పట్లో? ఎందుకనుకున్నావు? పరీక్షల వల్లనా?" చిట్టి ఆపలేదు. "నువ్వు ఈ పుస్తకమంతా చదివి, సంతకం పెట్టి, ఇంటికొచ్చి మామూలుగా అన్నం వండావనుకున్నాను. ఎంత రాతిగుండె మా అమ్మది అనుకున్నాను. పోయిన నెల నీకు క్యారేజీ తెచ్చిచ్చానే, గుర్తుందా? అప్పుడు చూశాను నువ్వు చదవడం. కింద నుంచి పైకి, చివరి నుంచి మొదటికి. అక్కడే నిలబడిపోయాను. మా అమ్మ అసలు చదవనేలేదు అని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్ళి మన పేర్లు రాయించాను."

అంటే ఈ పట్టిక, ఈ రంగులు, ఈ పది పుస్తకాలు? మొదటి వారంలో హాస్యకథలు, రెండో వారంలో ప్రయాణాలు, మూడో వారానికి ఇది. ముందు పెన్సిల్ పట్టకుండా చదవడం అలవాటు చేసి, ఆ తర్వాత ఇది చేతికివ్వాలని నెలంతా పేర్చుకుంది పిల్ల. ఎటు చూసినా తప్పించుకునే దారి లేకుండా పట్టిక కట్టిన పిల్లని చూసి దిద్దుబాటమ్మకి ఏడుపూ వచ్చింది, కాస్త గర్వమూ కలిగింది. అంత పొందికగా పని చేయడం ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమెకి తెలుసు.

"ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పమ్మా. నేను పడ్డప్పుడు నీకు వినబడిందా?"

ఇక్కడ ఆమె 'లేదు' అనొచ్చు. పుస్తకమే ఆమె తరఫున సాక్ష్యం చెబుతోంది, అచ్చులో. తల ఊపితే చాలు. నలభై ఒకటో పేజీ పుణ్యమా అని బతికినన్నాళ్ళూ మంచి తల్లిగా చెలామణీ అయిపోవచ్చు.

"వినబడింది" అంది దిద్దుబాటమ్మ. "కింది మెట్టు మీద ఉన్నాను. నీ కేక వినబడింది. ఆగితే మళ్ళీ వెళ్ళలేనని తెలుసు. అందుకే ఆగలేదు. ఆ పుస్తకంలో ఉన్నది అదొక్కటే తప్పు, చిట్టీ. దాన్నే దిద్దకుండా వదిలేశాను."

చిట్టి లేచి వెళ్ళి, కొళాయి తిప్పి, గ్లాసుడు నీళ్ళు తాగింది. వీపు ఇటే ఉంది. భుజాలు కదులుతున్నాయి. తల్లి దగ్గరికి వెళ్ళబోయి, వెళ్ళే హక్కుందో లేదో తెలియక మధ్యలో ఆగింది. కాసేపటికి చిట్టి గ్లాసు కడిగి బోర్లించి, ఇటు తిరిగింది.

"అయితే నాన్న తప్పు రాశారన్నమాట."

దిద్దుబాటమ్మకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై, కుర్చీలో కూలబడింది.

"పిన్నిగారు కబురు పెడితే నాన్న వచ్చి, డాక్టరు దగ్గర నాకు కుట్లు వేయించి బయటికొస్తే, ఎదురుగా బస్టాండులో నువ్వు కనబడ్డావట. సంచితో. నేను నాన్న భుజం మీద నిద్రపోతున్నానట. స్తంభం వెనక నిలబడి చూశారట, మూడు బస్సులు వెళ్ళేదాకా. పిలవలేదు. పిలిస్తే పిల్ల కోసం వచ్చేస్తావు, అది రావడం కాదనుకున్నారట. ఎన్నేళ్ళు గడిచినా ఆ సంగతి నీతో ఎలా ఎత్తాలో తెలియక, ఆఖరికి పుస్తకం రాశారు. ప్రూఫులు నీకే ఇమ్మని మీ ఓనరుని బతిమాలి మరీ ఇచ్చారు. అది నీకు ఉత్తరమమ్మా. నువ్వు 'సరిచూశాను' అని రాసి తిప్పి పంపించేశావు."

"నేను..."

"నాన్న దాన్నే జవాబు అనుకున్నారు. పుస్తకం చదివాక నేను నిలదీస్తే ఇదంతా చెప్పి, 'మీ అమ్మ చదివింది, ఏమీ అనలేదు, తననెప్పుడూ అడగకు' అని ఒట్టు వేయించుకున్నారు. ఇవాళ్టిదాకా ఒట్టు మీదే ఉన్నాను."

ఏడేళ్ళు. ఏడేళ్ళుగా ఆ మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తింటూ, ఆమె ఏమైనా అంటుందేమోనని చూశాడు. ఆమె ఉప్పు తక్కువైందంది, కరెంటు పోయిందంది, రేపు ప్రెస్సులో పనెక్కువంది.

"ఆఖరి అధ్యాయం మూడో వారం చివర్లో చదువుతావు, నాన్నతో నువ్వే మాట్లాడతావు అనుకున్నాను" అంది చిట్టి నెమ్మదిగా. "కానీ నాన్న తొందరపడుతున్నారు. ఆగే టైము లేదు. ఆఖర్లో ఆ భర్త ఏమనుకుంటాడో తెలుసా? ఆమె తిరిగొచ్చింది పిల్ల కోసం, నాకోసం కాదు. పిల్లకి ఇరవై ఒకటి నిండేదాకా ఉంటాను. అప్పటికీ ఆమె నోరు విప్పకపోతే నేనే వెళ్ళిపోతాను, ఇక ఆమెకి బస్సు ఎక్కాల్సిన పని ఉండదు అని. వెళ్ళేముందు ఇంట్లో పాడైనవన్నీ ఒక్కొక్కటే బాగుచేస్తాడమ్మా. మళ్ళీ తనని పిలవాల్సిన అవసరం రాకూడదని. తాళంచెవులకి చీటీలు కడతాడు. అన్నిటికన్నా ఆఖరున ముందు తలుపు గడియ బిగించి, దాన్ని మూసి చూసుకుని, మెట్లు దిగుతాడు."

దిద్దుబాటమ్మ కొళాయి వైపు చూసింది. తర్వాత పట్టిక వైపు చూసింది. ముప్పయ్యో గడి ఎర్రగా ఉంది. అందులో పేజీల లెక్క లేదు. చిట్టి తన ఇరవై ఒకటో పుట్టినరోజని అలా వదిలేసిందనుకుంది ఇన్నాళ్ళూ.

"ఎందుకు తిరిగొచ్చావమ్మా ఆ రోజు?" అని అడిగింది చిట్టి. "నాకోసమేనా? ఆలోచించి చెప్పు. ఇది నేను అడగట్లేదు, నాన్న అడుగుతున్నారు."

ఆలోచించడానికి ఆమెకి సమయం దొరకలేదు. మెట్ల మీద తెలిసిన చెప్పుల చప్పుడు. తలుపు సందులోంచి మడిచిన ప్రూఫు కాగితం జారి కింద పడింది. కళ్ళజోళ్ళాయన లోపలికొచ్చి, ఆ కాగితం తీసి జేబులో పెట్టుకున్నాడు. రోజూకన్నా గంట ముందొచ్చాడు. చేతిలో కాగితం పొట్లం.

"నువ్వూ తొందరగా వచ్చేశావే" అన్నాడు భార్యతో, చెప్పులు విప్పుతూ. "గడియ దొరికిందోయ్. నాలుగు కొట్లు తిరిగాను. ఇంట్లో ఇక ఇదొక్కటేగా మిగిలింది. వెలుతురుండగానే బిగించేస్తాను. చిట్టీ, ఆ స్క్రూడ్రైవరు ఇలా అందుకో."

చిట్టి కదల్లేదు. తల్లి వైపు చూసింది.

దిద్దుబాటమ్మ లేచి, సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. అట్ట పైకి కనబడేలా, అక్షరాలు ఆయన వైపు తిప్పి పెట్టింది.

"ఇవాళ బిగించొద్దండీ" అంది. "నేను దీన్ని ఇవాళే మొదలుపెట్టాను."

పొట్లం విప్పుతున్న చేతులు ఆగిపోయాయి. ఆయన పుస్తకాన్ని చూశాడు, చిట్టిని చూశాడు, చివరికి భార్యని చూశాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇవాళా?" అన్నాడు. "మరి ఏడేళ్ళ కిందట నువ్వు పెట్టిన సంతకం?"